నిప్పు మిగిల్చిన సామాను

కాలిన కారు షెడ్డుకి రాగానే ముందు వాసన చూస్తాను. పెట్రోలు కాలిన వాసన వేరు, వైరింగు కాలిన వాసన వేరు, సీట్ల లోపలి గుర్రపు వెంట్రుకలు కాలిన వాసన ఇంకా వేరు. ఏది ఎక్కడ ఘాటుగా ఉందో పట్టుకుంటే మంట ఎక్కడ పుట్టి ఎటు పాకిందో సగం తెలిసిపోతుంది. మిగతా సగం లోహాలు చెబుతాయి.

మా షెడ్డు టకానినిలో, గ్రేట్ సౌత్ రోడ్డుకి కాస్త లోపలికి. ఆక్లాండ్‌కు దక్షిణాన ఉన్న ఈ పేటను మనవాళ్ళు సిక్కుల గురుద్వారా గుర్తు చెప్పి పోల్చుకుంటారు. ఈ నేలలో పీట్ ఎక్కువ, మెత్తగా ఉంటుంది. కాంక్రీటు లేని చోట జాకీ పెడితే బండి పైకి లేవదు, జాకీ కిందికి దిగుతుంది. అందుకే ట్రక్కు మీద వచ్చిన ప్రతి బండినీ ముందు లోపలి గచ్చు మీదికి లాగించుకుంటాం.

అలా లాగించిన వాటిలో నన్ను ఎక్కువ రోజులు పట్టి ఉంచింది ఒక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. టార్పాలిన్ తీయగానే వెనక వైపు కనబడింది. ఆ డిక్కీ వంపు, చిన్నగా లేచిన ఆ వెనక రెక్కలు తెలియని తెలుగువాడు ఉండడు. ఇంగ్లండులో 1956 నుంచి 1959 వరకు తయారైన ఈ కారు అచ్చులే కలకత్తా దగ్గర ఉత్తరపారా చేరి హిందుస్తాన్ అంబాసిడర్ అయ్యాయి. కన్నవాళ్ళు మూడేళ్ళకే మానేసిన బండిని మనవాళ్ళు 2014 మే దాకా చేస్తూనే ఉన్నారు. నేను పానా పట్టడం నేర్చుకున్నది విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, అంబాసిడర్ కిందే. అందుకని ఈ బండి ఓనరు, పాపకురా అవతల ఉండే రిటైరైన పెద్దాయన, ఇంకెవరినీ అడక్కుండా నేరుగా నా దగ్గరికి పంపాడు.

ఇక్కడివాళ్ళకి పాత బండ్ల మీద ఇంత మమకారం ఎందుకో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. తరవాత తెలిసింది, ఇక్కడా ఒకప్పుడు లైసెన్సుల రాజ్యమేనని. 1938లో దిగుమతి లైసెన్సులు పెట్టారు. 1950లలో కొత్త కారు కావాలంటే జేబులో డబ్బుంటే చాలదు, బయటి దేశంలో విదేశీ మారకం ఉండాలి. అది లేనివాళ్ళు ఉన్న బండినే ఏళ్ళ తరబడి బాగుచేసుకుంటూ నడిపారు. మంచి సెకండ్ హ్యాండ్ కారు కొత్తదానికన్నా ఎక్కువ ధర పలికిన రోజులవి. అంబాసిడర్ బుక్ చేసి ఏళ్ళు ఎదురుచూసిన మన నాన్నలకి ఇది వింత కాదు. మోరిస్ బండ్లు పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చి, ఆక్లాండ్ న్యూమార్కెట్‌లోని నఫీల్డ్ స్ట్రీట్‌లో డొమినియన్ మోటార్స్ వాళ్ళ చేతుల్లో కార్లయ్యేవి. 1980ల చివర జపాన్ సెకండ్ హ్యాండ్ కార్లు ఓడల్లో దిగడం మొదలైంది. 1998తో ఈ దేశంలో కార్ల బిగింపు పూర్తిగా ఆగింది. కానీ బండిని తుక్కుకి పంపే ముందు ఒకసారి ఆలోచించే అలవాటు మాత్రం పోలేదు.

ఇక మంట సంగతి. బీ సిరీస్ ఇంజన్‌లో కార్బురేటరు, ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండూ ఎడమ పక్కనే ఉంటాయి, ఒకదాని నెత్తిన ఒకటి. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్ విప్పినవాళ్ళకి ఈ అమరిక కంఠతా వచ్చు. పైనున్న రబ్బరు పైపు పగిలి చుక్క కారిందంటే, ఆ చుక్క పడేది కాగుతున్న ఇనుము మీద. పెద్దాయన బండి స్టార్టు చేసి వాకిట్లో ఉంచి, గేటు తీయడానికి వెళ్ళాడు. అంతే. ముందు పొడి సిలిండరు కొట్టాడు, తరవాత పక్కింటివాళ్ళు తోట పైపుతో నీళ్ళు పోశారు, ఆపైన ఫైరింజన్ వచ్చింది. బానెట్ నుంచి డాష్‌బోర్డు దాకా బూడిద. ముందు సీట్లకి స్ప్రింగులు మిగిలాయి. వెనక సీటు సగం. డిక్కీలోకి పొగ తప్ప మంట వెళ్ళలేదు.

కాలిన బండిలో అసలు పని విప్పడం కాదు, ఏ భాగం ఎంత వేడి చూసిందో లెక్క కట్టడం. థర్మామీటరు ఎవరూ పెట్టరు. కరిగినవాటిని, కరగనివాటిని పక్కపక్కన చూసుకుంటూ పోవాలి. ఈ బండిలో ఎస్‌యూ కార్బురేటరు ఒళ్ళంతా కరిగి మానిఫోల్డు మీద ముద్దయింది. అల్యూమినియం కాస్టింగు 600 డిగ్రీల చుట్టుపక్కల జారిపోతుంది. ఆ ముద్దలోనే ఇత్తడి జెట్టు మాత్రం నిటారుగా ఉంది. ఇత్తడి కరగాలంటే 900 దాకా పోవాలి. అంటే ఆ మూల 600కీ 900కీ మధ్య కాలింది. ఇంజన్ కుడి పక్కకి వస్తే డెల్కో మూత బొగ్గయింది గానీ దాని అల్యూమినియం ఒళ్ళు అలాగే ఉంది, డైనమో బ్రాకెట్టు చెక్కుచెదరలేదు. అడుగు దూరంలో అంత తేడా. రేడియేటరు టంకం మొత్తం కారిపోయి జల్లెడ కింద పడింది, దానికి 200 డిగ్రీలు చాలు. ముందు తలుపుల పిడులు జింకు మిశ్రమం, 380కే మెత్తబడి కిందికి వాలిపోయాయి. వెనక తలుపుల పిడులు మెరుస్తూనే ఉన్నాయి. ముందు స్తంభం దగ్గర, బాడీ అతుకుల్లో నింపిన సీసం కన్నీళ్ళలా కారి నేల రేకు మీద గడ్డకట్టింది. ఇవన్నీ చూశాక సుద్దముక్కతో నేల మీద బండి బొమ్మ గీసి, ఏ గీతకి ఇవతల దేన్నీ నమ్మకూడదో గుర్తు పెట్టుకుంటాను.

ఉక్కు సంగతి ఇంకొంచెం మెలిక. అది కరగదు, మోసం మాత్రం చేస్తుంది. నునుపు చేసిన ఉక్కు 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగుకీ, 280కి ఊదాకీ, 300కి నీలానికీ తిరుగుతుంది. ఈ రంగు పైపొర మాత్రమే, అందుకే మసి తుడవడానికి ఎమరీ కాగితం వాడకూడదు. కిరసనాయిలు గుడ్డతో నెమ్మదిగా తుడవాలి. ఎమరీ పెట్టామా, సాక్ష్యం పోయింది, భాగం కొత్తదానిలా మెరుస్తుంది. మెరిసేది ఎవడికో ఒకడికి నచ్చుతుంది.

శనివారాలు నాకు సాయానికి వచ్చే నల్గొండ కుర్రాడు ముందు చక్రాల టార్షన్ బార్లు తీసి తుడిచి నా ముందు పెట్టాడు. అంబాసిడర్‌కూ ముందు వైపు ఇవే, బండి బరువును మెలితిరిగి మోసే పొడుగాటి ఉక్కు కడ్డీలు.

"అన్నా, గివి మంచిగనే ఉన్నయ్ గదా. ఒక్క గీత గూడ లేదు."

నిజమే, గీత లేదు. కానీ ముందు కొస నీలం దాటి బూడిద రంగుకి వచ్చింది. స్ప్రింగు ఉక్కుని కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ లెక్క ప్రకారం వేడి చేసి దానికి ఆ గుణం తెస్తారు. ఆ రెండో వేడి కన్నా ఎక్కువ వేడి తగిలితే గుణం దిగిపోతుంది. చూడ్డానికి అదే కడ్డీ, తూకానికి అదే బరువు. ఎక్కడో ఒక మలుపులో చక్రం కింద కుంగితే తప్ప తెలియదు. ఆకురాయితో కొస మీద గీసి చూపించాను. ఆకురాయి తేలిగ్గా కొరికింది. కుర్రాడు ఇంకేం మాట్లాడలేదు. అప్పుడే రెండు కడ్డీల్నీ కటింగ్ మెషిన్‌తో నడిమికి కోశాం. కోయకుండా తుక్కులో వేస్తే ఎవరో ఏరుకుపోయి అమ్ముతారు.

ఇక్కడ నాకూ ఆటోనగర్‌కీ ఒక పేచీ ఉంది. అక్కడ కమాన్ పట్టీలు కొలిమిలో కాల్చి, వంపు సరిచేసి, నూనెలో ముంచి మళ్ళీ బిగిస్తారు. చేతి పని తెలిసిన మేస్త్రీలు చేస్తే ఆ పట్టీలు బాగానే నడవడం నేను చూశాను. దాన్ని తలచుకుని, "కాల్చిందాన్ని వాడగా లేంది, కాలిందాన్ని వాడకూడదా" అని నా బావమరిదే ఫోన్‌లో వాదించాడు. మేస్త్రీ కావాలని కాలుస్తాడు, రంగు చూసి ఆపుతాడు, తనకి తెలిసిన నూనెలో చల్లారుస్తాడు. వాకిట్లో లేచిన మంటకి ఆపేవాడు లేడు, చల్లార్చింది తోట పైపు. ఒకే కడ్డీలో ఒక చోట పెళుసు, ఒక చోట మెత్తన. అందుకే మంట గీతకి ఇవతలున్న స్టీరింగు, బ్రేకులు, సస్పెన్షన్, హబ్బుల బేరింగులు నేను పరీక్షకి కూడా పెట్టను, తుక్కులోకే. బాల్ బేరింగు 200 డిగ్రీలు దాటి కాసేపు ఉంటే చాలు, గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. ఈ మాట చెబితే కొందరు నన్ను పిరికివాడంటారు. అనుకోనీ.

మంట ఆరినంత మాత్రాన నష్టం ఆగదు. రంగు కాలిపోయిన రేకు మీద నీళ్ళు పడితే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. మంటలార్పే పొడిలో ఎక్కువగా ఉండే అమ్మోనియం ఫాస్ఫేటు, తడి తగిలితే ఆమ్లమై అల్యూమినియాన్నీ క్రోమునీ తినేస్తుంది. మంటకి దొరకని భాగాలు కూడా పొడికి దొరుకుతాయి. బండి చల్లారాక ఫొటోలు తీసి, సబ్బునీళ్ళతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, ఆ తరవాతే మిగతా ఆలోచన. ఇంజన్ విషయంలో ఇంకా తొందర. ప్లగ్గులు తీసి సిలిండర్లలో నూనె పోసి, చేత్తో తిప్పి వదలాలి. ఈ ఇన్సూరెన్సు, ఆ కాగితం అంటూ నెల తరవాత పంపిస్తే మంట వదిలిన ఇంజన్‌ని తుప్పు పట్టేసుకుంటుంది.

ఈ ఇంజన్ మాత్రం వేళకి వచ్చింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డు అడ్డంగా పగిలింది, కాగిన పోత ఇనుము మీద చన్నీళ్ళు పడితే జరిగేదే. అసలు భయం హెడ్డు గురించీ బ్లాకు గురించీ. పగుళ్ళు వెతకడానికి ఇప్పుడు రంగు ద్రావకాలున్నాయి, నేనూ వాడతాను. అంతకన్నా ముందు ఆటోనగర్ పద్ధతి. కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లడం. పగులు ఉంటే లోపల దూరిన నూనె పైకి ఊరి సుద్ద మీద గీత గీస్తుంది. బ్లాకు మీద గీత పడలేదు. లోపల నీళ్ళు మరిగి ఆవిరయ్యేదాకా అవే దాన్ని కాపాడాయి. సంపులో నూనె ఉంది కాబట్టి క్రాంకు షాఫ్టు, కామ్ షాఫ్టు హాయిగా ఉన్నాయి. హెడ్డు మీద స్కేలు పెట్టి ఫీలర్ గేజి దూరిస్తే ఎడమ పక్క వంకర బయటపడింది. లేత్ పనితో సరిచేయొచ్చు, కానీ వాల్వు సీట్ల మధ్య సుద్ద మీద సన్నటి గీత ఒకటి వచ్చింది. హెడ్డు అక్కడితో సరి.

ఈ పనిలో ముక్కుకి మంచి మాస్కు, చేతికి గ్లౌజులు లేకుండా ఎవర్నీ షెడ్డులోకి రానివ్వను. పాత బ్రేకు లైనింగుల్లో, ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, కాలి పొడయితే గాల్లో లేస్తుంది. కారిన సీసం బిందువుల్ని ఊడ్చకూడదు, తడిపి ఏరాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. పాత బండికైనా తరవాత ఎవరో కొత్తరకం ఫ్లోరిన్ రబ్బరు సీళ్ళు వేసి ఉండొచ్చు. వైటన్ అంటారు. అది 300 డిగ్రీలు దాటి కాలితే నల్లగా జిగురవుతుంది, అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉండొచ్చు. ఒంటికి అంటితే ఎముక దాకా దిగే రకం. నల్లటి జిగురు కనబడ్డ చోట వేలు పెట్టేవాడికి నా షెడ్డులో పని లేదు.

ఇంతకీ ఏం దాచాలి? కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు బరువైనవీ, ఖరీదైనవీ ముందు విప్పుతారు. నా లెక్క తిరకాసుగా ఉంటుంది. లోకంలో ఎక్కడైనా ఇంకా దొరికేదాని కోసం ఒక గంట కూడా పెట్టను. ఆక్స్‌ఫర్డ్ వరకు ఈ లెక్క కట్టడం నాకు తేలిక, ఎందుకంటే దీని కవల అంబాసిడర్. రింగులు, బేరింగులు, వాల్వులు, హెడ్ ప్యాకింగు విజయవాడలో మా బావమరిది మధ్యాహ్నం టీకి వెళ్ళొస్తూ కొనగలడు. సెకండ్ హ్యాండ్ హెడ్డులూ దొరుకుతాయి. అక్కడినుంచి తెప్పించడానికి రెండు గండాలు. 2016 అక్టోబరు నుంచి ఆస్బెస్టాస్ ఉన్న ఏ వస్తువూ న్యూజిలాండ్‌లోకి రాకూడదు. కాబట్టి ప్యాకింగు, బ్రేకు లైనింగు ఏదైనా, అది లేదని ముందే కాగితం తెచ్చుకోవాలి. రెండోది మట్టి. పాత సామాను మీద మన ఊరి మట్టి అంటుకుని వస్తే ఇక్కడి జీవభద్రతవాళ్ళు ఊరుకోరు. "కొత్తదాన్లా కడిగి పంపు బావా" అంటే, "ఇంత కడిగితే ఇక్కడే ఎక్కువ రేటొస్తుంది" అంటాడు.

అలా దొరికేవన్నీ పక్కకి పోగా, ఎక్కడా దొరకనివి చిన్న చిన్నవి మిగులుతాయి. వెనక తలుపుల పిడులు, అద్దాలు దించే హ్యాండిళ్ళు, వెనక అద్దం చుట్టూ క్రోము పట్టీ, డిక్కీ మీది అక్షరాలు, చక్రాల మూతలు, వెనక దీపాల గిన్నెలు. అంబాసిడర్ ఒళ్ళు మారకపోయినా ఈ నగలు మారుతూ వచ్చాయి, అందుకే అచ్చంగా ఆక్స్‌ఫర్డ్‌వి కావాలంటే ఇంకో ఆక్స్‌ఫర్డ్ చావాలి. డిక్కీలో గుడ్డలో చుట్టిన జాకీ, ఇంజన్ తిప్పే హ్యాండిలు పొగకి నల్లబడ్డాయి తప్ప ఏమీ కాలేదు. వెనక యాక్సిలు, క్రౌన్ పినియను, వెనక కమాన్ పట్టీలు గీతకి అవతల ఉన్నాయి. అయినా హౌసింగు నూనె తీసి చూశాను, రంగు మారలేదు, మాడిన వాసన లేదు. డిక్కీ మూతా, వెనక తలుపులూ వంకర పోలేదు. బానెట్, ముందు మడ్‌గార్డులు మాత్రం వేలితో నొక్కితే టకటకమంటూ లోపలికీ బయటికీ ఆడుతున్నాయి. వేడికి సాగిన పల్చటి రేకుని మళ్ళీ బిగించి నిలబెట్టడం గొప్ప టింకరింగ్ మేస్త్రీకి కూడా చిరాకు పని.

పెద్దాయనతో ఒక్కచోటే పట్టింపు వచ్చింది. ఇంకో ఆక్స్‌ఫర్డ్ బాడీ దొరికితే ఈ బండి చాసిస్ నంబరు పలక దానికి బిగించేద్దాం అన్నాడు. బండి అదే అనిపించాలని ఆయన తాపత్రయం, అర్థం చేసుకోగలను. కానీ ఇన్సూరెన్సు ఈ బండిని పూర్తి నష్టం కింద రాసేసింది, రిజిస్ట్రేషన్ రద్దయింది. చాసిస్ నంబరు ఒక ఒంటి మీంచి ఇంకో ఒంటి మీదికి మార్చడాన్ని చట్టం ఒప్పదు. ఎన్‌జెడ్‌టీఏ వాళ్ళని అడిగి చూడమన్నాను. (మన ఇళ్ళల్లో ఈ మాట అంటే న్యూజిలాండ్ తెలుగు అసోసియేషన్‌కి ఫోన్ చేస్తారు. నేను చెప్పింది రవాణా సంస్థ.) అడిగాడో లేదో తెలియదు గానీ మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. పలక ఊడదీసి ఆయనకే ఇచ్చేశాను, గోడకి తగిలించుకున్నాడు.

డబ్బు లెక్క అడిగేవాళ్ళకి సూటిగా చెబుతాను, గంటల కూలి కట్టుకుంటే ఈ పని గిట్టదు. జపాన్ బండి బంపరు మారిస్తే వచ్చే డబ్బు, ఆక్స్‌ఫర్డ్ డిక్కీ అక్షరాలు పగలకుండా విప్పితే రాదు. అయినా 1946లో పెట్టిన వింటేజ్ కార్ క్లబ్ సభ్యులు ఈ దేశమంతా ఉన్నారు. ఒకరి దగ్గర ముందు భాగం ఉంటుంది, ఇంకొకరికి వెనక భాగం కావాలి. ఈ బండి యాక్సిలు వైకాటోలో ఒక ఆక్స్‌ఫర్డ్ కిందికి వెళ్ళింది. తలుపుల పిడులు పార్సెల్‌లో సౌత్ ఐలాండ్ పోయాయి. బ్లాకు నా దగ్గరే ఉంది, విజయవాడ హెడ్డు రాగానే బిగిస్తాను. కోసేసిన టార్షన్ బార్లు, స్టీరింగు ర్యాకు, ముందు డ్రమ్ములు తుక్కు బండెక్కాయి.

చివరగా రెండు మాటలు. పాత పెట్రోలు బండి ఉన్నవాళ్ళు బానెట్ ఎత్తి కార్బురేటరు పైనున్న రబ్బరు పైపుని ఒకసారి వేళ్ళతో వంచి చూడండి. చిన్న బీటలు కనబడితే మళ్ళీ స్టార్టు చేసే ముందే మార్చండి. రెండోది ఆంధ్రా తెలంగాణలో ఉన్నవాళ్ళకి. పెరట్లో తాతగారి అంబాసిడర్ కోళ్ళగూడై ఉంటే, తుక్కువాడికి కిలోల లెక్కన తూచే ముందు పిడులు, మీటర్లు, అక్షరాలు, దీపాల గిన్నెలు విప్పి ఒక డబ్బాలో వేసి ఉంచండి. అది 1962కి ముందుదైతే, అంటే మార్క్ వన్ అయితే, అస్సలు తూచకండి. ముందు గ్రిల్లు ఫొటో ఒకటి తీసి పాత బండ్ల క్లబ్బువాళ్ళకి చూపించండి. దాని కోసం వెతికేవాళ్ళు ఇక్కడ కూడా ఉన్నారు.